సూర్యకాంతిని చదివిన జాన్సెన్

మానవుడెరిగిన మూలకాలలో భూమిమీదకన్న ముందుగా సూర్యునిలో జాడ తెలిపినది హీలియం. ఆ ఆవిష్కరణ చరిత్రలో గుంటూరుకు స్థానం కల్పించిన ఖగోళ శాస్త్రవేత్త పియెర్ జూల్ జాన్సెన్.

ఆయన 1824 ఫిబ్రవరి 22న పారిస్‌లో జన్మించాడు. తండ్రి సంగీత విద్వాంసుడు. పసితనంలో జరిగిన ప్రమాదం వల్ల జాన్సెన్ జీవితాంతం కుంటుతూనే నడిచాడు. ఇంటి పరిస్థితులు అనుకూలించక చిన్న వయసులోనే బ్యాంకు కొలువులో చేరాడు. కొలువు చేస్తూనే చదువు సాగించి, 1860లో డాక్టరేటు పట్టం పొందాడు.

1868 ఆగస్టు 18న భారతదేశంలో సంపూర్ణ సూర్యగ్రహణం సంభవించింది. దానిని పరిశీలించడానికి జాన్సెన్ గుంటూరు చేరాడు. గ్రహణవేళ సూర్యబింబం అంచున కనిపించే ఎర్రని జ్వాలలు ఏ పదార్థంతో ఏర్పడినవో అప్పటికి ఎవరికీ తెలియదు. వేడెక్కిన ప్రతి వాయువూ తనకే ప్రత్యేకమైన కాంతిరేఖలను వెలువరిస్తుంది. జాన్సెన్ తన వర్ణపటదర్శినిలో ఆ రేఖలను చూచి, జ్వాలలు ప్రధానంగా హైడ్రోజన్ వాయువేనని గ్రహించాడు. రేఖలు ఎంతో ప్రకాశవంతంగా ఉండటంతో, గ్రహణం లేకున్నా వాటిని చూడవచ్చునన్న ఆలోచన ఆయనకు తట్టింది. మరునాడే ప్రయత్నించి కృతకృత్యుడయ్యాడు. కొద్ది నిమిషాల గ్రహణానికై దేశాలు దాటవలసిన అగత్యం ఆ జ్వాలల విషయంలో తీరిపోయింది.

ఇంగ్లండులో నార్మన్ లాకియర్ కూడ స్వతంత్రంగా ఇదే పద్ధతిని సాధించాడు. ఇరువురి లేఖలూ అక్టోబరులో ఒకేనాడు ఫ్రెంచి అకాడమీకి అందాయి. ముందెవరన్న వివాదానికి తావీయక, ఇరువురి ముఖాలతో ఒకే పతకం ముద్రించారు. ఆ వర్ణపటంలోని ఒక పసుపుపచ్చ రేఖను తొలుత సోడియం రేఖగా భావించారు. అది కొత్త మూలకానిదని ఊహించిన లాకియర్, సూర్యుని గ్రీకు నామమైన హీలియోస్ నుండి హీలియం అన్న పేరు కల్పించాడు. పలువురు విశ్వసించలేదు. 1895లో విలియం రామ్సే యురేనియం ఖనిజం నుండి హీలియంను వెలికితీయడంతో సందేహం తొలగింది. డెబ్బదియొక్క ఏండ్ల జాన్సెన్ ఆ వార్త వినడానికి జీవించే ఉన్నాడు.

హీలియం, నియాన్, ఆర్గాన్, క్రిప్టాన్, జినాన్, రేడాన్ జడవాయువులు. వీటి బాహ్యకక్ష్యలు ఎలక్ట్రాన్లతో నిండి ఉండటం వల్ల ఇవి ఇతర మూలకాలతో సులభంగా కలియవు. ఆ నిర్లిప్తతయే వీటి ప్రయోజనానికి మూలం. గాలిలో సుమారు 1 శాతం ఉండే ఆర్గాన్, బల్బులోని తీగను, వెల్డింగు చేసే లోహాన్ని ఆక్సిజన్ బారినుండి కాపాడుతుంది. నియాన్ విజ్ఞాపన దీపాలలో ఎర్రగా వెలుగుతుంది. మైనస్ 269 డిగ్రీల వద్ద మరిగే ద్రవ హీలియం ఆసుపత్రులలోని ఎం.ఆర్.ఐ. యంత్రాల అయస్కాంతాలను చల్లబరుస్తుంది. బెలూన్లలో నింపిన హీలియం మండదు.

జాన్సెన్‌కు అట్టి సురక్షితమైన బెలూన్ లభించలేదు. 1870లో జర్మను సేనలు పారిస్‌ను ముట్టడించినపుడు, డిసెంబరు 2న మండే బొగ్గువాయువు నింపిన బెలూన్‌లో శత్రువుల తలలమీదుగా ఎగిరిపోయాడు. అల్జీరియాలో గ్రహణం చూడటమే ఆయన లక్ష్యం. తీరా అక్కడికి చేరిన తరువాత మేఘాలు కమ్ముకొన్నాయి. అయినను నిరుత్సాహపడక, 1871లో మరొక గ్రహణానికి నీలగిరులకు వచ్చాడు. అనంతరం మెడాన్ వేధశాలను స్థాపించాడు. అరువది దాటిన వయసులో, నడవలేని స్థితిలో, ఇతరుల సాయంతో మంచుకొండ మోంబ్లాను అధిరోహించి, ఆ శిఖరంపై కూడ వేధశాల నెలకొల్పాడు. 1907 డిసెంబరు 23న మెడాన్‌లో కన్నుమూశాడు. అవిటితనం ఆయన నడకను కట్టడి చేసిందే కాని, ఆయన జిజ్ఞాసను కట్టడి చేయలేకపోయింది.