చావుల వెనక కారణం అడిగిన డుబోయిస్

1896లో అమెరికాలో ఒక పుస్తకం వచ్చింది. రాసింది ఫ్రెడరిక్ హాఫ్‌మన్, ప్రుడెన్షియల్ బీమా కంపెనీలో గణాంక నిపుణుడు. తెల్లవాళ్లకంటే నల్లవాళ్లు ఎక్కువగా చనిపోతున్నారని, దానికి కారణం వాళ్ల పుట్టుకలోనే ఉందని, ఆ జాతి క్రమంగా అంతరించిపోతుందని అందులో రాశాడు. నల్లవాళ్లకు జీవిత బీమా నిరాకరించడానికి అదే ఆధారమైంది. పుట్టుకనే తప్పుగా చూపే వాదన మనకు కొత్త కాదు. అందుకే దానికి లెక్కలతోనే జవాబిచ్చిన డబ్ల్యూ.ఇ.బి. డుబోయిస్ గురించి మనం తెలుసుకోవాలి.

డుబోయిస్ 1868లో మసాచుసెట్స్‌లోని గ్రేట్ బారింగ్టన్‌లో పుట్టారు. అప్పటికి బానిసత్వం రద్దయి మూడేళ్లే. తండ్రి వదిలి వెళ్లిపోతే తల్లే పెంచింది. ఫిస్క్, హార్వర్డ్, బెర్లిన్ విశ్వవిద్యాలయాల్లో చదివారు. 1895లో హార్వర్డ్ నుంచి డాక్టరేట్ పొందిన తొలి నల్లజాతీయుడయ్యారు.

మరుసటి ఏడాది పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం ఆయన్ను పిలిచింది. పాఠాలు చెప్పడానికి కాదు, ఫిలడెల్ఫియాలో నల్లవాళ్లు ఎక్కువగా ఉండే ఏడో వార్డును పరిశీలించడానికి. నగర పెద్దల దృష్టిలో ఆ వార్డే ఒక సమస్య. డుబోయిస్ కొత్తగా పెళ్లయిన భార్య నీనాతో అక్కడే కాపురం పెట్టారు. ప్రశ్నల పట్టీ పట్టుకుని సుమారు 2,500 ఇళ్ల గడప తొక్కారు.

1899లో వచ్చిన ‘ది ఫిలడెల్ఫియా నీగ్రో’ ఆ శ్రమ ఫలితం. వార్డు జనంలో ఆ నగరంలో పుట్టినవాళ్లు మూడో వంతు కూడా లేరు. సగానికి పైగా దక్షిణ రాష్ట్రాల నుంచి వలస వచ్చినవాళ్లే. ఆడవాళ్లకు ఇంటి పనులు దొరికేవి, మగవాళ్లను ఫ్యాక్టరీలు రానిచ్చేవి కావు. అందుకే వార్డులో మగవాళ్లకంటే ఆడవాళ్లు ఎక్కువ. జీతం తక్కువ, అద్దె ఎక్కువ, దానితో పెళ్లిళ్లు ఆలస్యమయ్యేవి. పెళ్లి, పిల్లలు, కుటుంబం అన్నీ కూలి రేటుతో ముడిపడ్డవేనని ఆ పుస్తకం చూపింది. చావులు ఎందుకు ఎక్కువో కూడా అక్కడే కనిపించింది: ఇరుకు గదులు, మురుగు, చాలని తిండి, అందని వైద్యం.

హాఫ్‌మన్ పుస్తకంపై 1897లోనే ఆయన సమీక్ష రాశారు. యూరప్‌లో తెల్లవాళ్లుండే కొన్ని నగరాల్లోనూ మరణాల రేటు అంతే ఉందని, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువని ఎత్తిచూపారు. మరి వాళ్ల జాతి కూడా అంతరించిపోతుందా? హాఫ్‌మన్ వాదం అక్కడే కూలింది.

కానీ లెక్కలతో గెలిచినంత మాత్రాన బతుకు మారలేదు. 1899 ఏప్రిల్‌లో జార్జియాలో శామ్ హోస్ అనే నల్లజాతి కూలీని తెల్లమూక సజీవంగా కాల్చి చంపింది. మరుసటి నెల అట్లాంటాలో డుబోయిస్ కొడుకు, రెండేళ్లు కూడా నిండని బర్గార్ట్, కంఠసర్పి వ్యాధితో కన్నుమూశాడు. నిజాలు ముందు పెడితే లోకం మారుతుందన్న ఆయన నమ్మకం ఆ ఏడాది సడలింది.

అయినా లెక్కలు వదల్లేదు. నల్లజాతి ఆరోగ్యంపై 1906లో అట్లాంటా విశ్వవిద్యాలయం నుంచి ఒక సంపుటం తెచ్చారు. పసిపిల్లల మరణాలకు మూలం శరీరంలో కాదు, సమాజంలో ఉందని అది తేల్చింది. 1909లో ఎన్.ఎ.ఎ.సి.పి. స్థాపకుల్లో ఒకరయ్యారు. ‘ది క్రైసిస్’ పత్రిక సంపాదకుడిగా దక్షిణాది నుంచి సాగుతున్న మహా వలస గురించి రాశారు.

ఆయనలో లోపాలూ ఉన్నాయి. తొలి పుస్తకంలో పేదల నడవడికపై పెద్దమనిషి తీర్పులు కనిపిస్తాయి. చదువుకున్న కొద్దిమందే జాతిని నడిపిస్తారని చాలాకాలం నమ్మారు. తర్వాత ఆ ఆలోచనను తానే సవరించుకున్నారు.

1946లో అంబేడ్కర్ ఆయనకు ఉత్తరం రాశారు. ఐక్యరాజ్యసమితికి నల్లవాళ్లు పెట్టుకుంటున్న అర్జీ ప్రతి కావాలని అడిగారు. డుబోయిస్ సానుభూతితో జవాబిచ్చారు. 1963 ఆగస్టు 27న ఘనా రాజధాని అక్రాలో, 95 ఏళ్ల వయసులో చనిపోయారు.

2024లో తెలంగాణలో ఇంటింటి కుల సర్వే జరిగింది. లెక్క తీయడం సగం పనే. వాడలో బిడ్డ చనిపోతే కారణం తల్లి అజ్ఞానమని రాస్తారా, లేక మంచినీళ్లు, కూలి, దవాఖానా దూరం కూడా రాస్తారా? ఆ రెండో గడి కోసం మనం పట్టుబట్టాలి. డుబోయిస్ జీవితం మనకు నేర్పేది అదే.