నది కింద సొరంగం తవ్విన మన ఇంజినీరు

ప్రతి సెప్టెంబర్ 15న మన కాలేజీలో మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి ఫొటోకి దండ వేస్తాం, సమోసా తింటాం, క్లాసుకి వెళ్లిపోతాం. నిజం చెప్పాలంటే ఆయన గురించి నాకు తెలిసింది ఒక్క ముక్కే: డ్యాములు కట్టారు అని. నేను సీఎస్‌ఈ, నాకెందుకులే అనుకున్నా.

ఈ ఏడాది మా హయత్‌నగర్ గల్లీలో మంచినీళ్ల పైపు లీకైంది. ఎక్కడ లీకో తెలీక మూడు చోట్ల రోడ్డు తవ్వారు. చీకట్లో మా నాయనమ్మ గుంత అంచు మీద కాలు జారి పడింది, చేయి విరిగింది. ఆమె పక్కన కూర్చుని, అసలు రోడ్డు తవ్వకుండా పైపు మార్చలేరా అని ఫోన్‌లో వెతకడం మొదలుపెట్టా. ఆ వెతుకులాటలోనే విశ్వేశ్వరయ్య గారి సుక్కూరు కథ దొరికింది.

ఆయన పుట్టింది కర్ణాటకలోని ముద్దేనహళ్లిలో. ఇంటిపేరుగా ఉన్న మోక్షగుండం మాత్రం మన ఆంధ్ర ఊరే, పూర్వీకులు అక్కడి నుంచి వలస వెళ్లారు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. బెంగళూరులో పిల్లలకు ట్యూషన్లు చెప్పుకుంటూ 1881లో బీఏ పూర్తి చేశారు. తర్వాత పూణేలో ఇంజినీరింగ్ చదివి, 1884లో బొంబాయి ప్రభుత్వంలో అసిస్టెంట్ ఇంజినీరుగా చేరారు.

1894లో ఆయన్ని సింధ్‌లోని సుక్కూరుకి పంపారు. ఊరి పక్కనే సింధు నది, కానీ నీళ్లన్నీ బురద. వడపోతకి ఫిల్టర్ బెడ్లు కట్టాలంటే మున్సిపాలిటీ దగ్గర డబ్బుల్లేవు. అప్పుడాయన నది గర్భంలోనే ఒక బావి తవ్వించారు. ఇసుకలోంచి ఊరే నీరు దానంతట అదే తేటపడి బావిలోకి వస్తుంది. అది చాలకపోతే, బావి అడుగు నుంచి నది కిందుగా సొరంగం తొలిపించి ఇంకా నీరు రాబట్టారు. దాన్ని పంపులతో పైకి ఎక్కించి ఊరికి ఇచ్చారు. పైన నది తన దారిన పోతోంది, కింద పని నడుస్తోంది!

నేను వెతుకుతున్న పద్ధతి కూడా ఇలాంటిదే. దాన్ని ట్రెంచ్‌లెస్ అంటారు. రోడ్డు పొడవునా తవ్వరు, ఈ కొసన ఒక గొయ్యి, ఆ కొసన ఒక గొయ్యి, అంతే. పాత పైపులోకి ఒక లోహపు మొనని పంపి లాగుతారు. అది పాత పైపుని పగలగొట్టి ముక్కల్ని పక్కలకు నెడుతుంది, వెనకాలే కొత్త ప్లాస్టిక్ పైపు వచ్చి ఆ చోట కూర్చుంటుంది. ఇంకో పద్ధతిలో రెసిన్‌లో తడిపిన మెత్తటి గొట్టాన్ని పాత పైపు లోపల పరిచి గట్టిపడనిస్తారు. 1971లో లండన్‌లో ఒక మురుగు కాలువకి ముందు ఇలా చేశారు. అయితే ప్రతి ఇంటి కనెక్షన్ దగ్గరా కాస్త పని మళ్లీ చేయాలి. అన్నిటికంటే ముందు, కింద ఏ పైపు ఎక్కడుందో, ఏ కేబుల్ ఎక్కడుందో తెలిసి ఉండాలి. డాక్యుమెంటేషన్ లేని కోడ్‌ని మారిస్తే ఏమవుతుందో మా బ్రాంచ్ వాళ్లకి చెప్పక్కర్లేదు.

ఈ ముందు తెలుసుకోవడం అనే పనే విశ్వేశ్వరయ్య గారు హైదరాబాద్‌లో చేశారు. ఖడక్‌వాస్లాలో ఆటోమేటిక్ గేట్లు పెట్టి, ఏడెన్‌కి నీటి పథకం రాసిచ్చి, 1908లో ఆయన బొంబాయి ఉద్యోగం వదులుకున్నారు. చీఫ్ ఇంజినీర్ పదవి భారతీయులకు దక్కే రోజులు కావవి. అదే ఏడాది సెప్టెంబర్ 28న మూసీ పొంగి మన నగరంలో సుమారు 15,000 మంది చనిపోయారు. నిజాం ప్రభుత్వం పిలిస్తే 1909 ఏప్రిల్‌లో వచ్చారు. వచ్చీ రాగానే గోడలు కట్టమనలేదు, ముందు లెక్క తీశారు. మూసీకి నీరు చేరే ప్రాంతంలో 788 చెరువులు, అంటే దాదాపు చదరపు మైలుకో చెరువు. వాటిలో 221 తెగిపోయాయి. అందుకే ఊరికి ఎగువన మూసీ మీద ఒకటి, ఈసీ మీద ఒకటి జలాశయాలు కట్టి వరదని అక్కడే ఆపాలన్నారు. దాంతోపాటు నగరానికి మురుగు నీటి పథకం కూడా వేశారు.

ఆ నవంబర్‌లోనే మైసూరు చీఫ్ ఇంజినీరుగా వెళ్లిపోయారు. కాబట్టి ఆయనే గండిపేట కట్టారనడం సగం నిజమే. ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. కట్టించిన వాళ్లలో అలీ నవాజ్ జంగ్ లాంటి ఇంజినీర్లున్నారు. ఉస్మాన్‌సాగర్ నీళ్లు పంపు లేకుండా వాలుతోనే ఆసిఫ్‌నగర్ ఫిల్టర్ బెడ్లకి వచ్చేవి. మాకు వచ్చేవి కృష్ణా నీళ్లనుకోండి, అయినా ఈ నగరం నీటి కథ అక్కడి నుంచే.

తర్వాత ఆయన 1912 నుంచి 1918 దాకా మైసూరు దివాన్, 1955లో భారతరత్న. నూరేళ్లు నిండాక 1962 ఏప్రిల్‌లో కన్నుమూశారు.

జలాశయాలు కంటికి కనిపిస్తాయి కాబట్టి ఆయన పేరుతో చెప్పుకుంటాం. ఆయన వేసిన డ్రైనేజీ పథకం గురించి స్టేజీ మీద ఒక్కరూ మాట్లాడగా వినలేదు. భూమి కింద ఉన్నదానికి మనం విలువ ఇవ్వం, అందుకే దాని లెక్క కూడా రాసిపెట్టుకోం. మా గల్లీలో మూడు గుంతలు పడింది పైపు పాతదైనందుకు కాదు, అది ఎక్కడుందో ఎవరి దగ్గరా సరైన మ్యాప్ లేనందుకు.

నాయనమ్మ చేతికి కట్టు ఇంకా ఉంది. మ్యాప్ గీయడం, డేటా సరిగ్గా దాచడం మా బ్రాంచ్ పనే. ముందు మా గల్లీతో మొదలుపెడదామని ఒక సివిల్ ఫ్రెండ్‌ని అడిగా, వస్తానన్నాడు. ఇంకెవరైనా వస్తారా?