కందుకూరి వీరేశలింగము పంతులుగారు: ఇంటిహక్కు

కీర్తిశేషులు రావుబహదూరు కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1848వ సంవత్సరము ఏప్రిలు 16వ తేదీని రాజమహేంద్రవరమున మన నియోగిశాఖయందే జనించిరి. పసితనముననే తండ్రి గతించెను. 1861లో బాపమ్మగారిని పరిణయమాడిరి. రాజ్యలక్ష్మమ్మగారని లోకమెఱిఁగినది ఆమెనే. వారి గ్రంథములను, పత్రికలను ఎల్లరు నెఱుఁగుదురు గావున మేము ఆస్తివిషయమునే వ్రాసెదము.

1881 డిసెంబరు 11వ తేదీని పంతులుగారు తొలి వితంతువివాహమును జరిపించిరి. అట్టి వివాహమును, అందలి సంతానమును 1856వ సంవత్సరపు చట్టము అంగీకరించియే యుండెను. కాని ఆ చట్టపు రెండవ సెక్షను, మరల పెండ్లియాడిన స్త్రీకి, ఆమె చనిపోయినట్లే యెంచి, మొదటి భర్త ఆస్తిలో హక్కును తొలఁగించెను. ఒకచేత మంగళసూత్రము నిచ్చి వేఱొకచేత ఇంటితాళపుచెవిని లాగికొనుటయే యిది! మాఱుమనువు ఆచారమైన కులములోని స్త్రీకిని హక్కు పోవుననియే మద్రాసు హైకోర్టు 1877లో తీర్పు చెప్పెను.

మా గార్లదిన్నె ప్రాంతమువారికి దీని భారము వివరింప నక్కఱలేదు. వాన తప్పిన యేట చేను గింజ నీయదు, మిగులునది ఇల్లొక్కటే. అదియుఁ బోయిన ఆడుది ఎచటికేగును?

ఇల్లు పోయిన దంపతులకు పంతులుగారే ఆశ్రయమిచ్చి, ఖర్చులు భరించిరి. కాకినాడవాస్తవ్యులు పైడా రామకృష్ణయ్యగారు ధనసాహాయ్యము చేసిరి. రాజ్యలక్ష్మమ్మగారు వంటకును నీళ్లకును వెనుదీయలేదు. ఆనాఁడు వారిని వెలివేసినవారు పరులు గారు, మనవారే. ఈ సంచికలో ఆ మాటను దాఁచుట మాకిష్టము లేదు.

సంతానము లేని పంతులుగారు 1906లో హితకారిణీసమాజమును స్థాపించి యావదాస్తిని దానికి ధారపోసిరి. 1910లో రాజ్యలక్ష్మమ్మగారును, 1919 మే 27వ తేదీని మద్రాసులో పంతులుగారును పరమపదించిరి.

1956వ సంవత్సరపు వారసత్వచట్టము స్త్రీకి సంపూర్ణహక్కు నిచ్చియు, కాపురమున్న యింటిని పంచుమని యడుగు స్వాతంత్ర్యమును కూఁతుండ్రకు 2005వఱకు ఈయలేదు. 1856 నాఁటి చట్టము 1983లో రద్దయినది. అయినను హక్కు విడుదలపత్రములను చదివి చెప్పుమని ఆడుబిడ్డలు మాయొద్దకు వచ్చుచునే యున్నారు. పెక్కుమార్లు వ్రేలిముద్ర వేసిన పిమ్మటనే వచ్చెదరు.

రాజమహేంద్రవరమున పంతులుగారు పుట్టిన యిల్లు నేఁటికిని నిలిచియున్నది. అది యిప్పుడు ప్రదర్శనశాల. ఎవరైనను లోని కేగి చూడవచ్చును.