బోర్డు మీద ఇంటిపేరు వద్దన్నారు



పదో తరగతి పిల్లలున్న ఇళ్లలో ఎంపీసీనా, బైపీసీనా అన్న చర్చ ఈపాటికి మొదలై ఉంటుంది. మధ్యలో మీ అమ్మాయో అబ్బాయో బొమ్మలు గీసుకుంటానంటే మీ ముఖం ఎలా మారుతుందో ఊహించగలం. అందుకే ఈ నెల క్రిస్టియన్ డియోర్ కథ చెబుతున్నాం. సెంటు సీసాల మీద ఆ పేరు మీరు చూసే ఉంటారు.

1905లో ఫ్రాన్స్‌లోని గ్రాన్‌విల్ అనే సముద్రతీర పట్టణంలో ఆయన పుట్టారు. తండ్రిది ఎరువుల ఫ్యాక్టరీ. గాలి ఇటు తిరిగితే ఊరంతా ఆ వాసనే. సెంట్లకు పేరుపడిన ఇంటిపేరు సొంత ఊరికి మొదట తెలిసింది ఇలా! తల్లికి పూలతోట ప్రాణం. ఆమె వెంట తిరుగుతూ ఆ పిల్లవాడు విత్తనాల కేటలాగులు కంఠస్థం చేశాడు.

పెద్దయ్యాక కళలు చదువుతానన్నాడు. ఇంట్లో ఒప్పుకోలేదు. కొడుకు దౌత్యవేత్త కావాలని పారిస్‌లో రాజనీతిశాస్త్రంలో చేర్పించారు. మన దగ్గర ఐఏఎస్ అన్నట్టే. డిగ్రీ చేతికి రాకుండానే బయటికొచ్చేశాడు. 1928లో స్నేహితుడితో కలిసి చిత్రాల గ్యాలరీ పెడతానంటే పెట్టుబడి ఇచ్చారు గానీ ఒక షరతు పెట్టారు. బోర్డు మీద డియోర్ అనే ఇంటిపేరు కనిపించకూడదు. పెద్దింటివాళ్లకు దుకాణం మీద పేరంటే నామోషీ మరి.

ఆ తల్లిదండ్రులను తప్పుపట్టడం సులువే. కానీ తర్వాత జరిగింది చూస్తే వాళ్ల భయం ఉత్తదేమీ కాదు. 1931లో తల్లి పోయింది. ఆర్థిక మాంద్యంలో తండ్రి ఆస్తి కరిగిపోయింది. గ్యాలరీ మూతపడింది. పైగా క్షయ. ముప్పై ఏళ్ల వయసులో చేతిలో పని లేక, స్నేహితుడి ఇంట్లో తలదాచుకుని, టోపీల బొమ్మలు, గౌన్ల బొమ్మలు గీసి అమ్మడం నేర్చుకున్నారు. 1938లో రాబర్ట్ పిగే దగ్గర, యుద్ధకాలంలో లూసియన్ లెలాంగ్ దగ్గర డిజైనర్‌గా జీతానికి పనిచేశారు. నాజీలను ఎదిరించిన చెల్లెలు కేథరిన్ 1944లో అరెస్టై, నిర్బంధ శిబిరం నుంచి మరుసటి ఏడాది ప్రాణాలతో తిరిగొచ్చింది. ఆయన తొలి సెంటు 'మిస్ డియోర్' ఆమె పేరు మీదే.

1946లో బట్టల మిల్లుల యజమాని మార్సెల్ బూసాక్ ఒక పాత ఫ్యాషన్ సంస్థను నిలబెట్టమని అడిగారు. వేరొకరైతే ఎగిరి గంతేసేవారు. డియోర్ మాత్రం కాదని, తన సొంత పేరుతోనే సంస్థ కావాలన్నారు. బూసాక్ ఒప్పుకున్నారు.

1947 ఫిబ్రవరి 12న తొలి ప్రదర్శన. సన్నని నడుము, మీటర్ల కొద్దీ గుడ్డతో విచ్చుకున్న లంగాలు. దానికి పూరేకుల పేరే పెట్టుకున్నారు. లోకం మాత్రం న్యూ లుక్ అంది. యుద్ధమంతా గుడ్డకు రేషన్‌తో గడిపినవాళ్లకు ఇది మండింది. పారిస్‌లో ఒక వీధిలో ఫొటోలు తీస్తుంటే ఆడవాళ్లే మోడల్ బట్టలు చించేశారు. అయినా ఆ నమూనా అట్లాంటిక్ దాటి వెళ్లింది.

ఆయన సొంత సంస్థను నడిపింది పదేళ్లే. 1957లో ఇటలీలో గుండెపోటుతో, 52 ఏళ్లకే కన్నుమూశారు. సంస్థ బాధ్యత 21 ఏళ్ల ఈవ్ సాన్ లోరాన్‌కు దక్కింది.

తండ్రి 1946లోనే చనిపోయారు. తొలి ప్రదర్శన చూడలేదు. గ్రాన్‌విల్‌లో వాళ్లు ఉన్న ఇల్లు, అమ్మ తోటతో సహా, ఇప్పుడు మ్యూజియం. దాని బోర్డు మీద ఉన్నది ఆ ఇంటిపేరే.