నడిచే మనుషుల్ని గీసిన నందలాల్ బోస్

చేతికర్ర పట్టుకొని గాంధీగారు నడిచే నలుపు తెలుపు బొమ్మ మీలో చాలామంది చూసే ఉంటారు. 1930లో ఉప్పు సత్యాగ్రహం అప్పుడు నందలాల్ బోస్ గారు లినోలియం పలక మీద చెక్కి అచ్చు తీసిన బొమ్మ అది. బొమ్మ కదలదు గానీ అందులో మనిషి మాత్రం నడుస్తూనే ఉంటాడు. అలాంటి చెయ్యి ఆయనకెలా వచ్చిందో తెలుసుకుందామనే ఇది రాస్తున్నాను.

ఆయన 1882 డిసెంబరు 3న బీహారులో ముంగేరు జిల్లా ఖరగ్‌పూర్‌లో పుట్టారు. వాళ్లమ్మ ఆయన కోసం ఆట బొమ్మలు చేసిపెట్టేది. కలకత్తాలో కాలేజీ చదువు అబ్బలేదు, పరీక్షలు తప్పారు. (ఈ ముక్క మన టెన్త్ అన్నలు చదివి సంతోషించవద్దు!) ఇంట్లోవాళ్లని ఒప్పించి ఆర్ట్ స్కూల్లో చేరి అవనీంద్రనాథ్ ఠాగూర్ గారికి శిష్యుడయ్యారు. తర్వాత అజంతా వెళ్లి గుహల్లోని చిత్రాలకు నకళ్లు తీశారు.

అసలు సంగతి శాంతినికేతన్‌లో ఉంది. 1922లో అక్కడి కళాభవన్‌కు ప్రిన్సిపాల్ అయ్యారు. చుట్టుపక్కలంతా సంతాల్ గూడేలు. మనలాంటి వాళ్లే. ఆయన చిన్న చిన్న కార్డులు దగ్గర పెట్టుకొని తిరిగేవారు. సంతాల్ ఆడవాళ్లు నడిచిపోతున్నా, ఎవరైనా డోలు కొడుతున్నా, మేక గంతేసినా వెంటనే నాలుగు గీతలు. అలాంటివి వేలల్లో వేశారు. 1924లో రవీంద్రనాథ్ ఠాగూర్ గారితో చైనా, జపాన్ వెళ్లొచ్చారు. సిరా కుంచెతో ఒక్క ఊపులో గీయడం అక్కడివాళ్ల పద్ధతి, అది ఆయనకు బాగా నచ్చింది.

మనవాళ్ల బొమ్మ ఎక్కడ వేసినా తలమీద ఈకలు పెట్టి వరసగా నిలబెడతారు. నాకది ఒప్పదు. నందలాల్ గారి సంతాల్‌లు అలా నిలబడరు, ఏదో ఒక పనిలో ఉంటారు. 1938లో హరిపురా కాంగ్రెస్ సభకు ఆయనా శిష్యులూ కలిసి దాదాపు 400 బొమ్మలు వేస్తే, వాటినిండా డోలు వాయించేవాళ్లు, కుస్తీ పట్టేవాళ్లు, పనివాళ్లే. అదే ఏడాది ఆయన శిష్యుడు రామ్‌కింకర్ బైజ్ గారు కావడి మోస్తూ నడిచే సంతాల్ కుటుంబాన్ని పెద్ద శిల్పంగా చేశారు. మన వరంగల్లు వైపు కొండపల్లి శేషగిరిరావు గారు కూడా నందలాల్ గారి దగ్గరే నేర్చుకున్నారు.

మన రాజ్యాంగం మూలప్రతిలో బొమ్మలు ఆయనా శిష్యులూ వేసినవే. 1954లో పద్మవిభూషణ్ వచ్చింది. 1966 ఏప్రిల్ 16న కన్నుమూశారు.

నేను రోజూ సాయంత్రం కబడ్డీ దగ్గర కూర్చొని గీస్తున్నాను. ముఖం జోలికి పోను. ముందు వెన్ను వంపు, తర్వాత బరువు ఏ కాలిమీద ఉందో ఆ కాలు, ఆ తర్వాతే చేతులు. పది లెక్కపెట్టేలోగా అయిపోవాలి. దీపావళికి ఊళ్లో దండారి ఆడతారు, అది గీయాలి. మా అవ్వ కట్టెలమోపుతో గట్టు దిగేది కూడా గీయాలి. ఆమె ఫోటో మా ఇంట్లో ఒక్కటీ లేదు. ఆమెకు ఇప్పుడు నడక బాగా తగ్గింది.

వార్డెన్ సారుకు ఒక మనవి. క్వార్టర్లీ పరీక్షల్లో మిగిలిన ఒకవైపు ఖాళీ కాగితాలు పారెయ్యకుండా ఇప్పించండి సార్. ఇంకో నలుగురం ఉన్నాం.