పేపరుకు మన మాట నేర్పిన గిడుగు రామమూర్తి పంతులు గారు



ప్రసార సాధనాలంటే పత్రికలు, రేడియో, సినిమా, టీవీ, ఇప్పుడైతే ఫోను కూడా అని మనం సోషల్ పాఠంలో చదువుకున్నాం. రేడియో వల్ల తుఫాను కబురు ముందే తెలుస్తుంది. పేపరు వల్ల పరీక్ష తేదీలు, పంటల ధరలు తెలుస్తాయి. టీవీలో మనం ఎప్పుడూ చూడని దేశాలు కనబడతాయి. కానీ అందులో మాట్లాడే భాష మనకు అర్థం కాకపోతే ఏం లాభం? ఈ సంగతి వందేళ్ళ కిందటే గట్టిగా చెప్పిన మనిషి గిడుగు వెంకట రామమూర్తి గారు. నేను సవర పిల్లను. అందుకని ఆయన గురించి రాయాలని నాకు చాన్నాళ్ళుగా ఉంది.

ఆయన 1863 ఆగస్టు 29న శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. చిన్నప్పుడే తండ్రి చనిపోయారు. విజయనగరంలో చదువుకున్నారు. కన్యాశుల్కం రాసిన గురజాడ అప్పారావు గారు అక్కడ ఆయనకు స్నేహితుడు. 1879లో మెట్రిక్ పాసయ్యి, 1880లో పర్లాకిమిడి రాజా గారి బడిలో టీచరుగా చేరారు. జీతం నెలకు 30 రూపాయలు. ఉద్యోగం చేస్తూనే సొంతంగా చదువుకుని బి.ఏ. కూడా పాసయ్యారు.

పర్లాకిమిడి చుట్టూ కొండల మీద మా సవరలు ఉంటారు. సంతకు దిగితే వాళ్ళ మాట ఎవరికీ తెలీదు, వాళ్ళకు ఎవరి మాటా తెలీదు. అందుకే మోసపోయేవారు. అది చూసి రామమూర్తి గారు సవర భాష నేర్చుకోవాలనుకున్నారు. నేర్చుకుందామంటే పుస్తకం ఒక్కటీ లేదు. తెలుగు వచ్చిన ఒక సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని, ఒక్కొక్క మాటా అడిగి రాసుకున్నారు. కొండలెక్కి గూడలన్నీ తిరిగారు. తెలుగు అక్షరాలతో సవర వాచకాలు తయారు చేసి, సొంత డబ్బుతో బళ్ళు పెట్టి, సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పించారు. ప్రభుత్వం 1913లో ఆయనకు రావు బహదూర్ బిరుదు ఇచ్చింది.

కొండల్లో తిరగడం వల్ల ఆయనకు మలేరియా పట్టుకుంది. క్వినైను ఎక్కువగా వాడి చెవుడు వచ్చేసింది. మా మాట వినడానికి వచ్చిన మనిషికి చెవులు పోయాయి. ఇది చదివినప్పుడు నాకు చాలా బాధ కలిగింది. అయినా ఆయన పని ఆపలేదు. 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర ఇంగ్లీషు నిఘంటువు అచ్చయ్యాయి.

ఇక తెలుగు సంగతి. ఆ రోజుల్లో పుస్తకాల్లో, పేపర్లలో ఎక్కువగా గ్రాంథికం రాసేవారు. వాన కురుస్తోంది అని మనమంటే, వర్షము కురియుచున్నది అని రాయాలి. ఇంట్లో ఎవరూ అలా మాట్లాడరు. పిల్లలు బట్టీ పట్టేవారు. రామమూర్తి గారు ఇది తప్పని చెప్పారు. సవర పిల్లల కష్టం చూసిన మనిషి కాబట్టే తెలుగు పిల్లల కష్టం కూడా తెలిసిందని నాకు అనిపిస్తుంది. 1911లో రిటైరైన తరువాత కూడా ఊరూరా తిరిగి ఉపన్యాసాలిచ్చారు. పెద్ద పెద్ద పండితులు ఎదిరించారు. ప్రభుత్వం బళ్ళలో వాడుక భాష రాయవచ్చని ఒకసారి ఒప్పుకుని, మళ్ళీ వెనక్కి తగ్గింది. ఆయన మాత్రం తగ్గలేదు. 1919లో తెలుగు అనే పేరుతో తానే ఒక మాసపత్రిక పెట్టారు.

1936లో పర్లాకిమిడి ఒరిస్సా రాష్ట్రంలో కలిసింది. అది ఇష్టం లేక ఆయన అన్నేళ్ళున్న ఊరు వదిలి రాజమండ్రి వచ్చేశారు. అప్పటికి ఆయనకు 70 దాటాయి. 1940 జనవరిలో మద్రాసులో పత్రికల సంపాదకులతో మాట్లాడి, జనం మాట్లాడే భాషలో రాయమని ఆఖరిసారి వేడుకున్నారు. ప్రజల రాజ్యం కావాలంటే మామూలు జనానికి అర్థమయ్యే భాషలోనే విషయాలు చెప్పాలని ఆయన వాదన. ఆ తరువాత వారం రోజులకే, జనవరి 22న చనిపోయారు. ఇప్పుడు పేపర్లన్నీ వాడుక భాషలోనే వస్తున్నాయి. ఆయన పుట్టిన రోజును తెలుగు భాషా దినోత్సవంగా చేస్తున్నాం.

మా ఇంట్లో బడికెళ్ళింది నేనే మొదలు. ఒకటో తరగతిలో టీచరు ఏమంటున్నారో తెలీక, నీళ్ళు తాగడానికి వెళ్తానని అడగడం రాక ఏడ్చేదాన్ని. ఇప్పుడు సెలవులకు వెళ్ళినప్పుడు సంత నుండి పొట్లం కట్టి తెచ్చిన పేపరు విప్పి చదువుతాను. మా అయ్యకు సవరలో చెప్తాను. మా అయ్య ఇంకా ఏముందో చెప్పమంటాడు. అప్పుడే నాకు ప్రసార సాధనం అంటే ఏమిటో బాగా తెలిసింది.

ఈ గోడ పత్రిక కూడా మన ప్రసార సాధనమే కదా. వార్డెన్ మేడమ్ గారు ఒప్పుకుంటే వచ్చే నెల నుండి కింద ఒక మూల మన ఇళ్ళ భాషల్లో, తెలుగు అక్షరాలతోనే, నాలుగు మాటలు రాద్దాం. సవర మాటలు నేను రాస్తాను. మిగతా భాషలు వచ్చినవాళ్ళు ముందుకు రండి. ఇందులో తప్పులుంటే క్షమించండి.

ఇట్లు,
మీ సహ విద్యార్థిని, 9వ తరగతి