పంతులమ్మగా వచ్చిన వైద్యురాలు



గుంటూరు కుగ్లర్ ఆసుపత్రి పేరు వినని తెలుగు క్రైస్తవ కుటుంబం అరుదు. మన అమ్మమ్మలు, నాయనమ్మలు ఎందరో అక్కడ పురుడు పోసుకున్నారు. ఎందరో ఆడపిల్లలు అక్కడే నర్సులయ్యారు. ఆసుపత్రి పేరు తెలిసినంతగా ఆ పేరుగల మనిషి మాత్రం మనకు తెలియదు.

అన్నా సారా కుగ్లర్ గారు 1856 ఏప్రిల్ 19న అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో, ఆర్డ్‌మోర్ అనే ఊరిలో పుట్టారు. ఆ కాలంలో అమెరికాలో కూడా ఆడపిల్ల డాక్టరు చదువుతానంటే మెచ్చుకునేవారు తక్కువ. స్త్రీల కోసమే 1850లో ప్రారంభమైన పెన్సిల్వేనియా మహిళా వైద్య కళాశాలలో చదివి, ఆమె 1879లో పట్టా పొందారు. తరువాత నారిస్‌టౌన్ మానసిక వైద్యశాలలో స్త్రీల విభాగంలో పనిచేశారు. మంచి ఉద్యోగం, నిలకడైన జీవితం.

అలాంటి సమయంలో గుంటూరులో సేవ చేస్తున్న లూథరన్ మిషనరీ ఆడమ్ రో గారి నుండి పిలుపు వచ్చింది. అక్కడ పరిచర్యను 1842లోనే ఫాదర్ హయ్యర్ గారు ప్రారంభించారు. అయినా ఘోషాలో ఉండే స్త్రీలకు వైద్యం అందేది కాదు. మగ డాక్టరుకు చెయ్యి చూపించడం కంటే చావే మేలనుకునే రోజులవి. కాన్పు కష్టమైతే మంత్రసాని చేతులెత్తేసేది, తల్లీబిడ్డలు ఇద్దరూ పోయేవారు.

కుగ్లర్ గారు తన సంఘపు స్త్రీల మిషనరీ సమాజానికి దరఖాస్తు పెట్టారు. వైద్య పరిచర్య చేపట్టడానికి తాము ఇంకా సిద్ధంగా లేమనీ, ఘోషా స్త్రీలకు చదువు చెప్పే పంతులమ్మగా అయితే పంపగలమనీ వారు జవాబిచ్చారు. చదివింది వైద్యం, ఇచ్చింది పాఠాలు చెప్పే పని. ఆమె దానికే ఒప్పుకున్నారు. అయితే తన వైద్య పరికరాలను వదిలిపెట్టకుండా, సొంత డబ్బుతో వాటిని వెంట తెచ్చుకున్నారు. 1883 నవంబరు చివరిలో గుంటూరు చేరారు. అదే సంవత్సరం మన దేశం నుండి ఆనందీబాయి జోషి గారు డాక్టరు చదువు కోసం ఓడ ఎక్కి వెళ్లింది కూడా కుగ్లర్ గారు చదివిన కళాశాలకే.

గుంటూరులో ఆమె తెలుగు నేర్చుకున్నారు, బాలికల పాఠశాలల బాధ్యత చూశారు. జబ్బుపడిన వారు కబురు పంపితే మందుల పెట్టె పట్టుకుని వెళ్లేవారు. తెల్లదొరసాని, పైగా క్రైస్తవురాలు ముట్టుకుంటే మైల అని భయపడిన ఇళ్లు ఎన్నో. ఆ అవమానాన్ని ఆమె మనసులో పెట్టుకోలేదు. ఒక ఇంట్లో ప్రాణం నిలిస్తే పక్క ఇంటి తలుపు తెరుచుకునేది. చివరకు 1885 డిసెంబరులో సమాజం ఆమెను వైద్య మిషనరీగా నియమించింది. అప్పటికే రెండేళ్లుగా ఆమె చేస్తున్న పనికి అప్పుడు పేరు దొరికింది.

ఆ తరువాత పని వేగంగా పెరిగింది. 1893లో మందులిచ్చే ఆసుపత్రి గది, 1898లో 50 పడకల ఆసుపత్రి వచ్చాయి. ఇందుకు అమెరికా సంఘాల స్త్రీలు కూడబెట్టిన కానుకలు ఆధారమయ్యాయి. ఒకప్పుడు సిద్ధంగా లేమన్నవారే ఇప్పుడు చేయి కలిపారు. కుగ్లర్ గారు శస్త్రచికిత్సలు చేశారు, కాన్పులు చూశారు. నర్సు కేథరీన్ ఫాస్ గారితో కలిసి తెలుగు ఆడపిల్లలకు నర్సింగు నేర్పించారు. పంతులమ్మ ఉద్యోగం ఆ విధంగా కూడా నెరవేరింది. చదువులేదని ఊరు పక్కన పెట్టిన అమ్మాయిలు తెల్లచీర కట్టి, రోగి పక్కన నిలబడి, తమ సొంత సంపాదనతో ఇల్లు నిలబెట్టారు.

ఆమె సేవ పొందినవారిలో ఏలూరు రాజా భుజంగరావు గారి కుటుంబం కూడా ఉంది. కృతజ్ఞతగా ఆయన ఆసుపత్రి దగ్గర రోగుల బంధువులకు సత్రం కట్టించారు. ప్రభుత్వం కైసర్-ఇ-హింద్ పతకంతో గౌరవించింది. 1930 జూలై 26న ఆమె గుంటూరులోనే, తన ఆసుపత్రిలోనే కన్నుమూశారు. ఇక్కడికి వచ్చి దాదాపు 47 ఏళ్లయింది.

సంఘ పెద్దలారా, ఆ మిషనరీ సమాజం చెడ్డది కాదు. అందులో ఉన్నవారు ప్రార్థించే స్త్రీలే. వారి దగ్గర ఆమె వరానికి సరిపడే ఖాళీ లేదు, అంతే. మన కమిటీలలో జరిగేదీ ఇదే కదా? మన బల్లల మీద నర్సులు, ఫిజియోథెరపీ చేసేవారు, మనోవేదనలో ఉన్నవారి మాట ఓపికగా వినగలవారు కూర్చుంటున్నారు. క్వయర్‌లో పాడమంటాం, క్రిస్మస్‌కు నక్షత్రం కట్టమంటాం. బస్తీలో ఒంటరిగా మంచం పట్టిన ముసలమ్మ దగ్గరకు వారిని సంఘం పంపించిన సందర్భాలు ఎన్ని?

మరొక మాట. మిషనరీలు మనకు ఆసుపత్రులు ఇచ్చి వెళ్లారు. కొన్నిచోట్ల వైద్యం ఆగిపోయి, స్థలం మీద కోర్టు కేసులు మాత్రం మిగిలాయి. గోడల కోసం పోరాడే ఓపికలో సగమైనా లోపల ఉండవలసిన పరిచర్య మీద పెడదాం.

ప్రభువు ఇచ్చిన పనికి మనుషులు వేరే పేరు పెట్టినా, కుగ్లర్ గారు పని మానలేదు. అలాంటివారు ఈ ఆదివారం కూడా మన మధ్యనే కూర్చుని ఉండవచ్చు. వారు దరఖాస్తు పెట్టేవరకు ఆగకుండా, మనమే వెళ్లి అడుగుదాం.